సార్ చెప్పకుండా పోయిన మాట

మా ఇంగ్లీషు సార్ పోయారని పోయిన నెల కుప్పంలో మా హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. పుంగనూరు నుంచి మా నాయన చేశాడు. నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది.

"ఆ మాట చెప్పకుండానే పోయినాడా?" అన్నాను. మా నాయనకు అర్థం కాలేదు. ఆ మాట సంగతి మీకు చెబుతాను.

ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పినప్పుడు మా నాయన నన్ను ఆయన దగ్గర ట్యూషన్‌కు చేర్చాడు. ఆయన హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. మొదటి రోజు అయిదారు వాక్యాలిచ్చి తెలుగులో రాయమన్నారు. అన్నిట్లోనూ 'రన్' ఉంది. నాకు తెలిసిన అర్థం ఒకటే కాబట్టి అన్నిటినీ పరుగెత్తించాను. ముక్కు పరుగెత్తింది, కుళాయి పరుగెత్తింది, పుంగనూరు నుంచి సోమలకు రోడ్డు పరుగెత్తింది. చివరి వాక్యానికి "మా నాయన హోటల్‌ను పరుగెత్తిస్తాడు" అని రాశాను.

ఆ కాగితం ఆయన నేరుగా మా హోటల్‌కే తీసుకుపోయి, టీ తాగేవాళ్లందరి ముందూ చదివారు. మా నాయన దోసె తిప్పుతూ, "దాంట్లో తప్పేముండాది సార్? పొద్దున్నించి పరుగెత్తేది నేనే గదా" అన్నాడు. సార్ అక్కడికక్కడే అర మార్కు కలిపారు. నేను రెండు రోజులు ట్యూషన్‌కు పోలేదు.

సప్లిమెంటరీ పరీక్ష దగ్గర పడింది. మూడు వారాలైనా సార్ ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నారు. ప్యాసివ్ వాయిస్ ఎప్పుడు చెబుతారని అడిగితే, దానికేం తొందర అనేవారు. ముక్కు కారుతుంది, నీళ్లు వస్తాయి, రోడ్డు పోతుంది, హోటల్ నడుపుతారు అని ఒక్కొక్కటీ మాతోనే చెప్పించేవారు. నిఘంటువు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ పనిచేసే వాళ్లను అడిగి రావాలి. చీర రంగు 'రన్' అయితే ఏమంటారో కనుక్కోమని మదనపల్లెకు బస్సెక్కించారు. పట్టునూలుకు రంగులద్దే ఒకామె నన్ను ఎగాదిగా చూసి, రంగు పోవడం వేరు, దిగడం వేరు అంది. పోతే చీర వెలిసిపోతుందట, దిగితే పక్కనున్న గుడ్డ కూడా పాడవుతుందట. ఈ ఒక్క ముక్క కోసం ఒక పూట పోయింది. తిరిగొస్తూ, కదులుతున్న బస్సులోంచి దిగి పడి మోకాలు చెక్కుకున్నాను. సార్ మోకాలు వైపు చూసి, "రన్నింగ్‌లో దిగినావా? ఇంకోటి దొరికిండాది, రాసుకో" అన్నారు.

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషువాళ్లకు వేరే మాటలే లేవా, ఒక్కదాన్నే ఇట్లా అరగదీస్తారా అని గట్టిగానే అడిగాను. సార్ కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"మనకూ ఉండాదమ్మా, అట్లాంటిది ఒకటి. దినామూ వాడతాండావు."

"ఏంది సార్ అది?"

"కనుక్కో."

పరీక్ష బొటాబొటిగా గట్టెక్కాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మదనపల్లెలో డిగ్రీ చదువుతూ, తర్వాత కుప్పం వచ్చి సార్‌కు పోస్టు కార్డులు రాస్తూనే ఉన్నాను. 'పోవు' అని రాస్తే, కాదని జవాబు. 'నడుచు' అన్నా కాదు. 'ఆడు' అని కార్డు నిండా ఉదాహరణలతో రాస్తే, "బాగుండాది. కాదు." అని వచ్చింది. మిగతా కార్డంతా ఖాళీ. ఆ ఖాళీ చూస్తే నాకు ఎంత చిరాకో చెప్పలేను. కానీ ఇంగ్లీషు ట్యూషన్‌కు పోయిన నేను ఎమ్మే తెలుగులో చేరానంటే, దానికి ఆ కార్డులే కారణం.

మొన్న ఎండాకాలంలో చూడబోయినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. ఇప్పుడైనా చెప్పమని అడిగాను.

"చెప్పేస్తే నువ్వు మళ్లీ యాల వస్తావు?" అన్నారు.

కోపంతో, వాళ్లావిడ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా వచ్చేశాను.

కర్మాంతరాలకు వెళ్లొచ్చిన మర్నాడు, మా హాస్టల్ గోడకు మేస్త్రీ మరమ్మతు చేస్తున్నాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"గోడ బీట పారిండాదమ్మా, కొంచెం జరుగు" అన్నాడు.

నేను జరగలేదు. బీట పారింది. నీళ్లు పారతాయి. దొంగ పారిపోతాడు. సొరతీగ పందిరంతా పారుతుంది. పాచిక పారుతుంది. తెల్లవారుతుంది, అందులోనూ ఆ పారడమే వారడమైంది. లైబ్రరీకి పోయి పెద్ద నిఘంటువు తీశాను. పారు అంటే పరుగెత్తు అని కూడా ఉంది.

అదే మాటని నా నమ్మకం. కానీ కాదనడానికైనా సార్ లేరు. ఉంటే "బాగుండాది. కాదు." అని రాసేవారేమో. ఎవరికైనా చెప్పాలని తిరిగొచ్చి మేస్త్రీకే చెప్పాను. "అట్లనా" అని, సిమెంటు పెట్టేముందు చెంబెడు నీళ్లు బీటలో పోశాడు. అవి లోపల ఎక్కడికి పోయాయో కాసేపు కనిపించలేదు. ఇద్దరం వంగి చూస్తున్నాం. గోడ అడుగున మట్టి మెల్లగా తడిసింది.