బావ కారులో కీచు

ఊరివాళ్ల రేడియోలు బాగుచేసీ చేసీ ఆయన పేరే రేడియో మేస్త్రీ అయిపోయింది. రేడియోలు మూలపడ్డాక పొట్టకూటికి కార్లలో స్టీరియోలు బిగించడం మొదలుపెట్టాడు. చెవి మాత్రం ఆ పాత పదును వదల్లేదు. పక్కింటి ఫ్యాను బేరింగు అరిగిందని గోడకు ఇవతల నుంచే చెప్పేవాడు.

అలాంటివాడు అక్కమొగుడి కారులో కొత్త స్టీరియో పెడితే, మర్నాడే బావ తిరిగొచ్చాడు.

"పాట వెనక సన్నగా కీ... మంటోందిరా బావమరిదీ!"

మేస్త్రీ ఇంజను ఆపించి, కళ్లు మూసుకుని విన్నాడు. పాట తప్ప ఏమీ వినపడలేదు.

"ఏం లేదు బావా."

"అయితే నీ చెవులకు పింఛను రాసెయ్యాల్సిందే!"

బావకది వేళాకోళం. మేస్త్రీ గుండెల్లో మాత్రం రాయి పడింది. వాళ్ల నాన్నకు సరిగ్గా ఈ వయసులోనే చెవులు మందగించాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ పనిముట్లు ముట్టలేదు. తనకూ ఆ గతే పడుతుందని మేస్త్రీకి భయం పట్టుకుంది. భార్య వంటింట్లోంచి పిలిస్తే మొదటి పిలుపుకే పరుగెత్తాడు. "ఏమిటండీ, ఇవాళ ఇంత మర్యాద!" అని ఆవిడ బుగ్గన వేలేసుకుంది.

బావ మళ్లీ వచ్చాడు. "మీ అక్కకూ వినపడుతోంది. ఎక్కు, నడుపుతూ వినిపిస్తా."

మేస్త్రీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కాడు. బండి స్టార్టయింది. కీ... మంది.

"తొక్కు బావా! ఇంకా తొక్కు!"

తొక్కిన కొద్దీ కీచు పెరిగింది. మేస్త్రీకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. నిశ్శబ్దంలో వినడం రేడియోల నాటి అలవాటు. ఇంట్లో రేడియోకి ఇంజనెక్కడుంటుంది, చెప్పండి! ఇంజను తిరిగితేనే పుట్టే గోలను ఇంజను ఆపి వెతికాడు మహానుభావుడు.

ఇక పట్టుకోవడం ఎంతసేపు? స్టీరియో నల్ల వైరును, అదే ఎర్తు వైరును, కారు రేకుకు రంగు మీదే తనే బిగించాడు. రంగుంటే కరెంటుకు దారి సరిగా దొరకదు. ఆ చోట రంగు గీకి, ఇనుము తేలాక స్క్రూ బిగించాడు. కీచు ఆగిపోయింది.

"పోయిందిరా!" అన్నాడు బావ.

మేస్త్రీ స్క్రూ మళ్లీ వదులు చేశాడు.

"అదేంట్రా?"

"ఇంకొక్కసారి విననీ బావా."

బావ ఈసారి వేళాకోళమాడలేదు. మెల్లగా యాక్సిలరేటరు తొక్కాడు.