వరస లేని మనిషి

కంభం వెళ్ళే షేర్ ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే దిగేలోపు చుట్టాలైపోతారు. బేస్తవారిపేటలో ఎక్కేటప్పుడు ఒకరికొకరు ఎవరో తెలియదు. "మీది ఏ ఊరు?" అని ఒకావిడ మాట కదుపుతుంది. రెండో ఆవిడ చెప్పగానే "అక్కడ రేషన్ స్టోరు డీలరు నీకేమైతాడు?" అంటుంది. "మా మేనమామకు తోడల్లుడు." "అట్లయితే నువ్వు నాకు కోడలివి గదే!" అంతే. తన సంచి తీసి కోడలి ఒళ్ళో పెట్టేస్తుంది. వరస కలపడం అంటే ఇదే.

తర్వాత ఇద్దరూ నా వైపు తిరుగుతారు.

"మేడంది ఏ ఊరు?"

"హైదరాబాద్."

"ఓ," అంటారు. ఆ 'ఓ' తర్వాత ఇంకేమీ ఉండదు. మిగతా దారంతా నేను రోడ్డు పక్క కంది చేలను చూస్తూ కూర్చుంటాను.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో, ఒకే కాంపౌండులో బోలెడు వాటాలున్న ఇంట్లో. అక్కడ మాకు రెండే వరసలు: ఆంటీ, అంకుల్. పై వాటా ఆంటీ, కుళాయి దగ్గర పోట్లాడే ఆంటీ, స్కూటర్ అంకుల్. ఇల్లు మారితే కొత్త చోట మళ్ళీ ఆంటీలు సిద్ధంగా ఉండేవాళ్ళు. అమ్మానాన్నలది పెద్దల్ని కాదని చేసుకున్న పెళ్ళి కాబట్టి అటు చుట్టాలూ లేరు, ఇటు చుట్టాలూ లేరు. నేను ఒక్కతే కూతుర్ని. 'అక్కా' అని ఎవర్నీ పిలిచిన గుర్తు లేదు. రాయడం మొదలుపెట్టాక మాత్రం నా కథల నిండా అక్కల్నీ వదినల్నీ మేనత్తల్నీ పెట్టుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని వదినలకు పేర్లు పెట్టి నలుగురి చేత మెప్పు కూడా పొందాను.

అమ్మానాన్నలు ఒకరి తర్వాత ఒకరు పోయాక నగరంలో ఉండబుద్ధి కాలేదు. రైల్లో గిద్దలూరు మీదుగా నంద్యాల వెళ్తూ వస్తూ నల్లమల కొండల్ని చూసి ముచ్చటపడేదాన్ని. ఇక్కడొక పల్లె చివర పాత ఇల్లు అమ్మకానికి ఉందంటే వచ్చేశాను. రాసుకోవడానికి నిశ్శబ్దం కావాలన్నాను. దొరికింది, కడుపునిండా దొరికింది. సాయంత్రమయ్యేసరికి పొద్దుట్నుంచి నోరు విప్పలేదని గుర్తొచ్చి గిన్నెలతో మాట్లాడేదాన్ని.

ఊళ్ళో వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మోటారు చెడిపోతే అడక్కుండానే వచ్చి చూస్తారు. కానీ ఇక్కడ ప్రతి మనిషీ ప్రతి మనిషికీ ఏదో ఒకటవుతారు. కూలికెళ్ళే చర్చి మనిషి పొలమున్న ఆసామిని 'మామా' అంటుంది, ఆయన ఆమెను 'ఏమ్మా కోడలా' అంటాడు. పిలుపులో ఉన్న చుట్టరికం టీ గ్లాసు దగ్గర ఉండదు, ఆమె గ్లాసు వేరు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. మండుతూనే, ఆ పిలుపు నాకూ ఉంటే బాగుండునని ఏడుపూ ఉండేది. నేను మాత్రం పాలాయనకు మేడం, మేకల ముసలాయనకు మేడం, మాటలు వచ్చీరాని పిల్లలక్కూడా మేడమే.

మా ఎదురింట్లో ఒకావిడ ఉండేది. నాకంటే కాస్త పెద్ద. భర్త లేడు, కూతురి కాపురం గిద్దలూరులో. మిరప చేలల్లో కూలి చేసి వచ్చి, నీళ్ళు పోసుకుని, ఆకువక్క నములుతూ మా అరుగు మీద కూర్చునేది. మొదటిసారి వచ్చినప్పుడు నేను మర్యాదగా "ఏమండీ, లోపలికి రండి" అన్నాను. ఆమెకు నవ్వాగలేదు.

"ఏమండీ ఏంది మేడం? నేనేమన్నా నీ మొగుణ్ణా?"

మరి ఏమని పిలవను అని అడిగితే సరిపోయేది. సిగ్గేసి ఊరుకున్నాను. ఆ తర్వాత ఆమెను ఏమనీ పిలవకుండానే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. తప్పనిసరిగా పిలవాల్సి వస్తే దగ్గేదాన్ని. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు 'అక్కా' అని అని చూసుకున్నాను కూడా. పుస్తకంలో చదివినట్టు వచ్చింది గానీ పిలిచినట్టు రాలేదు.

"ఏం రాస్తా ఉండావు మేడం?" అనేది.

"జరిగినవి."

"జరిగినయి అయిపాయె గదా. మళ్ళా రాసేదేంది?"

నేను కాగితాలు సర్దుకునేదాన్ని. "రాయిలే," అనేది తనే, "నీ ఇంట్లో లైటు వెలుగుతా ఉంటే నాకు ధైర్నం." ఆదివారం చర్చి నుంచి వచ్చి వండిన కూర గిన్నెలో తెచ్చి అరుగు మీద పెట్టి, "తింటే తిను, లేకుంటే కుక్కకెయ్యి మేడం" అని నా మొహం చూడకుండా వెళ్ళిపోయేది. నేను గిన్నె నాకినంత పని చేసి, కడిగి, అందులో రెండు అరటిపళ్ళు పెట్టి తిరిగిచ్చేదాన్ని.

పోయిన ఎండాకాలం కళ్ళంలో మిరపకాయలు ఏరుతూ ఏరుతూ పక్కకు ఒరిగిపోయింది. వడదెబ్బ. ఆటో ఎక్కించేలోపే ప్రాణం పోయింది.

ఇంటి ముందు షామియానా వేసి, అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ పెట్టె మీద పడి పిలిచి ఏడుస్తోంది. "ఓ వదినా, నన్నిడిసి పోతివా!" "ఓ పెద్దమ్మా!" "ఇంక నన్నెవరు తిడతారే అత్తా!" ఇక్కడ ఊరికే ఏడవరు. వరస పెట్టి పిలుస్తారు, ఆ పిలుపు పట్టుకుని ఏడుపు బయటికొస్తుంది. నేను ఏమని పిలిచి ఏడవాలి? ఇంతలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి "కూర్చోండి మేడం" అన్నారు. ఏడ్చేవాళ్ళందరూ నేల మీద, నేనొక్కదాన్నే కుర్చీలో. అమ్మ పోయిన రోజు కూడా నేనంత ఒంటరిగా లేను.

మధ్యాహ్నానికి గిద్దలూరు నుంచి కూతురు వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు, ముక్కూ నుదురూ తల్లివే కాబట్టి తెలిసింది. తల్లి మీద పడి ఏడ్చి ఏడ్చి, తలెత్తి జనంలో ఎవరికోసమో వెతికింది. కుర్చీలో ఉన్న నన్ను చూసి నేరుగా వచ్చి నా మోకాళ్ళ మీద తల పెట్టింది.

"చిన్నమ్మా, మీ అక్క పాయె గదే చిన్నమ్మా!"

ఎవరిని అంటోందోనని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

"గిద్దలూరికి వచ్చెయ్ మా అంటే వినకపాయె," అంది ఏడుపు మధ్యలోనే. "'నా చెల్లెలు ఒక్కతే ఉండాది, దాన్నిడిసి యాడికి వచ్చేదే' అంటాండె. ఫోన్ చేస్తే నీ మాటే."

కూతురి దగ్గర చెల్లెల్ని. నా ముందు మేడంని. నేను దగ్గుతో సరిపెట్టినట్టే, ఆమె కూడా ఆ మాటను నోట్లో పెట్టుకుని రోజూ నా అరుగు మీద కూర్చుని వెళ్ళిందన్నమాట. నేను కుర్చీ దిగి కింద కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను, పిలిచే ఏడ్చాను.

సాయంత్రం ప్రార్థన చేసి పూడ్చారు. పిడికెడు మట్టి వేస్తూ మళ్ళీ 'అక్కా' అన్నాను. వంటింట్లో రాని పిలుపు అక్కడ వచ్చింది.

ఇప్పుడు ఊళ్ళో కొందరు నన్ను చిన్నమ్మా అంటున్నారు. సాయంత్రాలు అరుగు ఖాళీగానే ఉంటుంది. రాయడం సాగడం లేదు, లైటు మాత్రం వేసి ఉంచుతాను. ఆటోలో ఎవరైనా ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అనడం మానేశాను. మా అక్కది ఈ ఊరే అని, ఇంటి గుర్తులు చెప్తాను. అవతలావిడ మొహం విచ్చుకుంటుంది, వరస కలుపుతుంది, సంచి నా ఒళ్ళో పెడుతుంది.

"మీ అక్క బాగుండాదా?" అని అడుగుతుంది.

బాగానే ఉంది అంటాను.