పద్నాలుగో నంబరు కార్డు

1998 జూన్‌లో నన్ను రాజోలు దగ్గర ఒక చిన్న పోస్టాఫీసుకి సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. కౌంటర్లో నేను, బట్వాడాకి పోస్టుమ్యాన్ సూర్రావు గారు, సంచులు మోయడానికి ఒక ప్యాకరు, అంతే ఆఫీసు. పొద్దున్న బస్సులో టపా సంచి వస్తుంది. సీలు విప్పి, ప్రతి ఉత్తరం మీదా ఆనాటి తేదీ ముద్ర వేసి, సూర్రావు గారికి అప్పగించాలి. ఆ రోజు వచ్చింది ఆ రోజే బట్వాడాకి వెళ్ళాలి. ముద్ర వేస్తూ కార్డులు చదువుతాం. చదవలేదని చెప్పే పోస్టుమాస్టరుని నేను నమ్మను. చదివింది బయట చెప్పకూడదు, అంతే.

అంతకుముందు పనిచేసిన చోట, కవర్లలో లాటరీ టిక్కెట్లు పంపుతున్న ఒకాయన్ని పట్టించి పై అధికారుల మెప్పు పొందాను. ఆ మెప్పు తలకెక్కి ఉంది. ప్రతి కవరూ నాకు బరువుగానే కనిపించేది.

జూలైలో గంగరాజు గారి పేర పంజాబ్ నుంచి ఒక కార్డు వచ్చింది. ఇంగ్లీషులో ‘14 ఓకే’ అని ఉంది. సంతకం లేదు, క్షేమ సమాచారం లేదు. గంగరాజు గారు మిలటరీలో చేసి వచ్చి కొబ్బరితోట చూసుకుంటున్న మనిషి. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తారు. ఆ సాయంత్రమే వచ్చి కార్డు కొని, కౌంటరు మీదే రాసి డబ్బాలో వేసి వెళ్ళారు. డబ్బా తీసి చూస్తే, నాగపూర్ వైపు ఒక ఊరికి, ‘13 ఓకే’.

అక్టోబరులో మళ్ళీ అదే తంతు.

ఆ రోజుల్లో రాజోలు చుట్టుపక్కల నంబర్ల మీద పందాలు కాసే ముఠా ఉందని అందరూ చెప్పుకునేవారు. సూర్రావు గారిని అడిగాను.

“ఆయన మంచోరండి. ఎవరి జోలికీ పోరండి,” అన్నారాయన.

“మంచివారని నేనడగలేదు. నంబర్లెందుకు పంపుకుంటున్నారో చెప్పండి.”

“అది నాకు తెలీదండి.”

“తెలియనప్పుడు పూచీ ఎందుకు పడతారు?” అన్నాను. సూర్రావు గారు సంచి సర్దుకుని సైకిలెక్కేశారు.

జనవరిలో మూడో కార్డు వచ్చింది. అనుమానం ఉంటే సబ్ డివిజనల్ ఇన్‌స్పెక్టరు గారికి గోప్యంగా రాయాలి. రాశాను. ఉత్తరాన్ని మాత్రం ఆపకూడదు, ఆ అధికారం నాకు లేదు. ఆపాను. ముద్ర కూడా వేయకుండా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇన్‌స్పెక్టరు గారు సెలవులో ఉన్నారు. జవాబు రాలేదు.

వారం తిరక్కుండా గంగరాజు గారు రావడం మొదలుపెట్టారు.

“కార్డేమైనా వచ్చిందాండి?”

“రాలేదండి.”

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. పొరపాటున వేరే ఆఫీసు సంచిలో పడిందేమో అన్నారొకరోజు. మా పని మీద అనుమానమా అని ఎదురు దబాయించాను. ఎవరు రాయాలని అడిగితే స్నేహితుడన్నారు. ఏం రాస్తాడంటే, “ఏముంటుందండీ, బాగున్నానని రాస్తాడు,” అన్నారు. కార్డులో అలాంటి ముక్క లేదని నాకు తెలుసు. అబద్ధమాడుతున్నారని నిశ్చయం చేసుకున్నాను. నా అబద్ధం మాత్రం నాకు ఉద్యోగధర్మంలా తోచింది.

మూడో వారంలో వచ్చి, మర్నాడు పంజాబ్ వెళ్తున్నానని చెప్పారు. స్నేహితుడు పోయినట్టున్నాడన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. విషయం పసిగట్టి పారిపోతున్నాడనుకున్నాను. ఇన్‌స్పెక్టరాఫీసుకి ఫోన్ చేశాను. సెలవు పొడిగించుకున్నారని చెప్పారు.

మర్నాడు పొద్దున్న, సంచి ఇంకా విప్పకముందే, పొడుగాటి పెద్దాయన ఒకరు లోపలికి వచ్చారు. నెత్తిన మెరూన్ రంగు టోపీ, చేతిలో ఆకుపొట్లంలో చామంతి దండ. గంగరాజు ఇల్లెక్కడ అని హిందీలో అడిగారు. ఎప్పుడు పోయాడని కూడా అడిగారు. ముఠా మనిషే దిగాడనుకుని, పోయారని మీకెవరు చెప్పారని నా వచ్చీరాని హిందీలో నిలదీశాను. ఎవరూ చెప్పలేదు, పదమూడు రాలేదు, అన్నారాయన.

అప్పుడే గంగరాజు గారు చేతిసంచీతో మెట్లెక్కారు. బస్సెక్కేముందు ఆఖరిసారి అడిగి పోదామని వచ్చారట. ఆయన్ని చూసి పెద్దాయన బెంచీ మీద కూలబడ్డారు. గంగరాజు గారు చేతిసంచీ కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నారు.

“మీ దండ మీరే చూసుకున్నారండి,” అని సూర్రావు గారు గంగరాజు గారితో అన్నారు. గంగరాజు గారు దాన్ని హిందీలో చెప్పాక ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అసలు సంగతి గంగరాజు గారు చెప్పారు. డెబ్బై ఒకటి యుద్ధంలో వీళ్ళు పారాచూట్లతో విమానంలోంచి దూకిన దళం. ఇరవై మంది ఒక వరసలో నిలబడతారు. దూకేముందు, అందరికన్నా వెనక ఉన్నవాడు తన ముందువాడి వీపు మీది మూటా తాళ్ళూ సరిచూసి, భుజం మీద తట్టి, తన నంబరు చెప్పి ఓకే అంటాడు. అతను తన ముందువాణ్ణి తడతాడు. అలా తలుపు దగ్గరున్న ఒకటో నంబరు దాకా వస్తుంది. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కదా. యుద్ధం అయ్యాక ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోయినా, మూడు నెలలకోసారి ఆ వరసని కార్డుల మీద నడుపుతున్నారు. వెనకవాడి కార్డు అందితేనే ముందువాడికి రాయాలి. రావలసిన నాటి నుంచి పదిహేను రోజులు చూసి, అప్పటికీ రాకపోతే బయల్దేరి వెళ్ళాలి. వచ్చినాయన పన్నెండో నంబరు.

ఒక మామూలు ఉత్తరం రాసుకోవచ్చుగా అని వాదించాను, ఆ స్థితిలో కూడా.

“రాసుకోవచ్చండి. కానీ వెనకవాడు తట్టకుండా నేను ఓకే అంటే అది దొంగ ఓకే అండి.”

ఇక మిగిలింది ఒక్కటే పని. సొరుగు తాళం తీసి కార్డు కౌంటరు మీద పెట్టాను. ఎందుకు ఆపానో కూడా చెప్పాను. గంగరాజు గారు కార్డుని తిప్పి తిప్పి చూశారు.

“అయితే పద్నాలుగు బతికే ఉన్నాడాండి?”

ఆయ్, అన్నారు సూర్రావు గారు, నా తరఫున.

తరవాత గంగరాజు గారు నా వైపు తిరిగి, “మీరు అనుమానపడ్డారు. ఉద్యోగం అన్నాక పడతారండి. ఇక్కడే పెట్టుకుని రాలేదని ఎందుకు చెప్పేరు?” అన్నారు.

ఎవరితోనైనా గంటసేపు వాదించగలదాన్ని. ఈసారి కార్డు అందుకుని, వేయకుండా ఆపిన ముద్ర వేసి ఆయనకి తిరిగిచ్చాను.

పన్నెండో నంబరాయన లేచి, గంగరాజు గారి వైపు వీపు పెట్టి నిలబడ్డారు. గంగరాజు గారు ఆయన భుజం మీద గట్టిగా తట్టి, “పదమూడు ఓకే,” అన్నారు. ఆయన కౌంటరు దగ్గరికి వచ్చి కార్డు కొని, పదకొండో నంబరుకి రాసి ఇచ్చారు. ముద్ర వేశాను. అప్పుడు గంగరాజు గారు ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నారు. ఇచ్చాను. నిదానంగా, ఒక్క కఠినమైన మాట లేకుండా, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టారు.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు, కార్డు పోస్టుమ్యాన్ దగ్గర ఉండిపోయిందని రాస్తే సరిపోతుంది కదా అని సూచించారు. సూర్రావు గారు గుమ్మంలోనే ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు వాంగ్మూలం రాసిచ్చాను. లిఖితపూర్వకమైన మందలింపు పడింది, అది సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. నా పదోన్నతి ఆలస్యం కావడానికి అదే కారణమని ఇప్పటికీ నా అనుమానం.

ఆ ఆఫీసులో ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ‘14 ఓకే’ కార్డులు వస్తూనే ఉన్నాయి, వచ్చిన రోజే బట్వాడాకి వెళ్ళాయి. గంగరాజు గారు నాతో మర్యాదగానే ఉన్నారు గానీ, తన కార్డు మళ్ళీ మా డబ్బాలో వేయలేదు. రాజోలు వెళ్ళి పోస్టు చేసేవారు. ఆయన చేసింది సరైన పనే.

అనుమానపడటం నేను మానలేదు. మా ఉద్యోగంలో అది ఉండాలి కూడా. అయితే అనుమానాన్ని కాగితం మీద పెట్టి, సంతకం చేసి, పై అధికారికి పంపాలి. ఉత్తరం మాత్రం ఎవరి పేర ఉందో వాళ్ళకి ఆ పూటే చేరాలి. కౌంటరు ఇవతల నిలబడి “రాలేదండి” అనే మాటని, అవతలివాడు ఏ లెక్కలోకి తీసుకుంటాడో మనకి తెలియదు.