మ్యుటేషన్ అంటే పట్టా మార్పే అనుకున్నాం

మిర్చి ఏరేటప్పుడు దగ్గు అందరికీ వస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా నాకు ఆగలేదు. ఉమ్మిలో నెత్తురు చార కనబడింది. మాది నర్సింహులపేట దగ్గరి పల్లె. మా ఇంట్లో బీడీ, చుట్ట ఎవరూ ముట్టరు. మొదట టీబీ అన్నారు, నమ్మాం. నెలల తరబడి మందులు మింగాను. బరువు తగ్గింది గానీ దగ్గు తగ్గలేదు.

చివరికి హైదరాబాద్‌లో సీటీ స్కాన్, బయాప్సీ చేశారు. ఊపిరితిత్తి క్యాన్సర్. ఇంకో రిపోర్ట్ చూసి డాక్టరమ్మ, "ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉంది. మాత్రలతో ట్రీట్‌మెంట్ చేద్దాం" అంది. వెనక లైను పెద్దది. ఏమీ అడగకుండా బయటికొచ్చాం.

మ్యుటేషన్ మాకు కొత్త మాట కాదు. మా మామ పోయాక భూమి మా ఆయన పేరు మీదికి మార్చుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగింది దానికే. బస్సులో ఆయన మెల్లగా అన్నాడు: "మ్యుటేషనంటే తండ్రిది కొడుకు పేరు మీదికి ఎక్కుడే గదా. మరి గిది బిడ్డ మీదికి ఎక్కుతదా ఏంది?"

భూపాలపల్లిలో ఉండే మా కూతురు సరిత అప్పుడే తల్లయింది. ఈయన ఊరుకోలేక ఫోన్లో చెప్పేశాడు. "నాకొస్తే రానీ అమ్మా. నా పిల్లకు గూడ వస్తదా?" అని అది ఒకటే ఏడుపు.

మాత్రలు మొదలయ్యాయి. ముఖం నిండా పొక్కులు, విరేచనాలు, గోళ్ళ పక్కన పుండ్లు. వాటిని ఎలాగో ఓర్చుకున్నాను. మనవరాలిని ఎత్తుకోవడానికి మాత్రం చేతులు రాలేదు. అంత అలసట నా జన్మలో ఎరుగను.

తర్వాతి చెకప్‌లో, ఇది నా బిడ్డకు కూడా పోతుందా అని అడిగేశాను. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఈజీఎఫ్ఆర్ అనే జీన్ అందరికీ ఉంటుందమ్మా. కణం ఎప్పుడు పెరగాలో చెప్పేది అదే. మీ ఊపిరితిత్తిలో ఒక కణంలో అది మారిపోయి, ఆపు లేకుండా పెరగమని చెప్తోంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. మీ బిడ్డకు పోదు."

"స్టార్టర్ బటన్ ఇరుక్కపోయి మోటర్ బంద్ గాకుంట నడిచినట్టా మేడం?" అన్నాడు మా ఆయన.

"అంతే. ఈ మాత్ర దాన్ని అదిమి పెడుతుంది."

వరండాలోంచే సరితకు ఫోన్ చేశాను. నీకూ రాదు, పాపకూ రాదు అని చెప్పాను. "పాప పాలు తాగుతుందమ్మా, మళ్ళ చేస్త" అని పెట్టేసింది.

ఆ రోజు క్యాన్సరే పోయినంత సంబరపడ్డాను. అది పోలేదు. గడ్డ చిన్నదైంది, అంతే. జీన్ మళ్ళీ మారితే ఈ మాత్ర పనిచేయకపోవచ్చట. ఇప్పుడు పొద్దున మాత్ర, మధ్యాహ్నం పడక, సాయంత్రం కాస్త వంట. మనవరాలు వస్తే నా ఒళ్ళోనే నిద్రపోతుంది. దించడానికి ఓపికా లేదు, మనసూ రాదు.

డాక్టరు నోట మ్యుటేషన్ అనే మాట వింటే, వెనక లైను ఎంతున్నా కుర్చీలోంచి లేవకండి. "పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా?" అని అడగండి. పుట్టుకతో వచ్చిందైతే పిల్లలకూ టెస్ట్ చేయించే దారి చెప్తారు. కాదంటే, మా సరితలా చంటిపిల్లను చూసుకుని ఏడ్చే పని మీ పిల్లలకు ఉండదు.