నూకరత్నం గారి డాట్ ఇన్

డాట్ ఇన్‌తో ముగిసే ఇంటర్నెట్ పేర్లను అందరికీ తెరిచిన మరుసటి ఏడాది, 2006 వేసవిలో, నేను రాజమండ్రిలో సివిల్ ప్లీడరుగా ఉన్నాను. అప్పటికి నా అనుభవమంతా గట్టు తగాదాలు, బోదె నీళ్ల తగాదాలు. అయినా ఇంటర్నెట్ తెలిసినవాడినని బార్‌లో నాకు పేరుండేది. కారణం, నా గదిలో కంప్యూటర్ ఉండడమే. దాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది.

ఆ మాట విని కడియపులంక నుంచి నూకరత్నం గారు వచ్చారు. ఇరవై ఏళ్లుగా తన పేరుతోనే మొక్కల నర్సరీ నడుపుతున్న మనిషి. ఆమెకు వెబ్‌సైటు చేసిపెట్టిన కంప్యూటర్ సెంటరు ఆసామి డొమైన్ పేరును, అంటే ఇంటర్నెట్‌లో ఆమె చిరునామాను, తన పేరున నమోదు చేయించుకున్నాడు. తరవాత దాన్ని పక్క నర్సరీ వీర్రాజు గారికి అప్పగించాడు. వీర్రాజు గారు శ్రమపడి అందులో మార్చింది ఒక్క ఫోన్ నంబరే. బెంగళూరు ఆర్డర్లన్నీ ఆయనకే పోతున్నాయి. ఆవిడేమయ్యారని అడిగినవాళ్లకు, వ్యాపారం మానేశారని చెబుతున్నారట.

"నా పేరు పెట్టుకునే నేను మానేశానంటున్నాడండి," అన్నారామె. "నా తోటలోకి పదిహేను మంది ఆడాళ్లు పనికొస్తారు. లారీ రాకపోతే వాళ్లకేం చెప్పమంటారు?"

నాకు తెలిసిన మందు దావా ఒక్కటే. వేశాను. కోర్టు ఆఫీసు అభ్యంతరంతో తిరిగొచ్చింది: షెడ్యూలు ఆస్తికి నాలుగు హద్దులు చూపలేదు. ఇది నేల కాదు, కంప్యూటర్లో ఉండే పేరు అని రాసి మళ్లీ వేశాను. ఆ కంప్యూటర్ ఉన్న ఇంటి డోర్ నంబరు రాయమని మళ్లీ తిప్పారు. ఆఫీసును తప్పుపట్టలేను. ఆ పేరు ఏ ఇంట్లో ఉంటుందో నాకూ తెలియదు.

చేయకూడనివన్నీ చేశాక, అప్పుడు నిబంధనలు చదివాను. డాట్ ఇన్ పేరు తీసుకున్నవారెవరైనా, తగాదా వస్తే, ఆ పేర్లను నిర్వహించే రిజిస్ట్రీ అనే సంస్థ నియమించే మధ్యవర్తి తీర్పుకు కట్టుబడతామని ముందే ఒప్పుకుని ఉంటారు. ఫిర్యాదుదారు మూడు సంగతులు రుజువు చేయాలి: ఆ పేరు తనది, ఎదుటివారికి దాని మీద హక్కు లేదు, దురుద్దేశంతోనే పట్టుకున్నారు. దావా సంగతి వదిలేసి ఫిర్యాదు పంపాను.

వీర్రాజు గారి వకీలు ఘనమైన జవాబిచ్చారు. నూకరత్నం అన్నది వీర్రాజు గారి కీర్తిశేషురాలైన నాయనమ్మ పేరట. ఆమె జ్ఞాపకార్థమే సైటు నడుపుతున్నారట. మొదటి పేజీలో మందారాల మధ్య నిలబడ్డ ఫొటో ఆ పుణ్యాత్మురాలిదేనట. ఆ పుణ్యాత్మురాలు అప్పుడు నా ఎదుట కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

మరునాడు నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను: ఫొటోలో ఉన్నది నేనే, నేను బతికే ఉన్నాను.

"బతికున్నానని చెప్పడానికి స్టాంపు కాగితం ఎందుకండి?" అని అడిగారామె.

మాటతో సరిపోతే మా వృత్తే ఉండదని చెప్పాను. ఆమె నవ్వలేదు. కాగితమంతా రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టారు. నా హాస్యం అక్కడికి కట్టిపెట్టాను.

మధ్యవర్తి ఆ ఫొటోనూ, ఆమె ఓటరు కార్డునూ పక్కపక్కన పెట్టి చూశారు. పేరు ఆమెకు బదిలీ చేయమని తీర్పిచ్చారు. వీర్రాజు గారు ఆ తరవాత నాయనమ్మను తలచుకున్నట్టు వినలేదు.

బదిలీ ఫారంలో హక్కుదారు పేరు రాయాలి. ఈమెయిల్ చూసేది తనే కాబట్టి తన పేరు రాయమన్నాడు ఆమె కొడుకు. సౌకర్యంగా ఉంటుందని నేనూ తలూపాను.

"ఆ కంప్యూటర్ సెంటరాయన కూడా సౌకర్యమనే అన్నాడండి," అన్నారు నూకరత్నం గారు. "నా పేరే రాయండి. ఈమెయిల్ చూడ్డం నేర్చుకుంటాను."

అలాగే రాశాను. అప్పటినుంచి ప్రాక్టీసు మానేదాకా, ఏ కేసు వచ్చినా కాగితం ఎవరి పేరున ఉందనే మొదట అడిగాను. సొత్తు నిజంగా ఎవరిదన్నది రెండో ప్రశ్న. చాలామంది నా దగ్గరకు ఆ రెండోదానికి జవాబు మాత్రమే పట్టుకుని వచ్చేవారు.