అప్ప ఇంట్లో నా నోరు తెరిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, కిందటేడు ఇదే మందిరంలో మీ ముఖాలు చూడలేక వెనక వరుసలో తల దించుకుని కూర్చున్న రూతును నేను, ఈ రోజు మీ ముందు నిలబడ్డానంటే అది ఆయన కృపే!

కాశీబుగ్గలో జీడిపప్పు ఏరే పని నాది. టెక్కలిలో ఒకాయన ఆఫీసు తెరిచి, పప్పు ఎగుమతి వ్యాపారం, లక్ష కడితే నెలకు ఆరు వేలు అంటే, మా ఆయన వద్దన్నా వినకుండా దాచుకున్నదంతా తీసుకెళ్ళి కట్టాను. మూడు నెలలు తేదీ తప్పకుండా డబ్బు పడింది. ఫోనులో ఆ మెసేజీ చూపిస్తే మన సంఘం అక్కచెల్లెళ్ళు ఆరుగురు చేరారు. వాళ్ళు ఆ ఆఫీసాయన్ని చూసి కట్టలేదు, నన్ను చూసి కట్టారు.

నాలుగో నెల ఆగిపోయింది. టెక్కలి వెళ్ళి అడిగితే ఆయన నెమ్మదిగా, "ఇంకో ఇద్దర్ని తే అమ్మా, ఆల డబ్బు రాగానే నీది నీకిత్తాను" అన్నాడు. అప్పుడు అర్థమైంది. నాకు పడినది ఏ వ్యాపారంలోనూ పుట్టలేదు, నా తర్వాత చేరిన వాళ్ళదే నాకు పంచాడు. వాళ్ళకు ఇవ్వాలంటే ఇంకొకరు మునగాలి.

తెలిసి కూడా నేను ఆగలేదు, అంత భయం పట్టుకుంది! బస్సెక్కి ఉద్దానంలో ఉన్న, నేను అప్ప అని పిలిచే మా అక్క సారమ్మ ఇంటికి వెళ్ళాను. కిడ్నీలు పాడైన బావను డయాలసిస్‌కు పలాస తిప్పడానికి కొబ్బరితోట కొంత అమ్ముకున్నారు, ఆ డబ్బు ఇంట్లోనే ఉంది. లక్షకు నెలకు ఆరు వేలని నేను చెప్పిందంతా విని అప్ప పెట్టెలోంచి మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నువ్వు సెప్తే సాలు సెల్లీ, నానేటీ అడగను" అంది.

కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ మూట తీసుకుని నన్ను గడప దాటనివ్వకు" అని మాత్రం అనగలిగాను. కళ్ళు తెరిచేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. "దాసెయ్ అప్పా. నిన్ను మోసం సెయ్యడానికొచ్చినాను" అన్నాను.

అప్ప మూట తీసుకుని పెట్టెలో పెట్టేసింది. తర్వాత, "ఇంకెంతమందున్నారు? ఆలకి కూడా సెప్పీ" అంది.

ఆ ఆదివారం మీ అందరి ముందు ఒప్పుకున్నాను, మీకు గుర్తుంది. పోలీసులకు మొదటి ఫిర్యాదు నేనే రాసిచ్చాను, నా కాగితాలన్నీ అప్పగించాను. ఆ టెక్కలి ఆయన దొరికాడు, పోయిన డబ్బు ఇంకా రాలేదు. నాకు పడిన పద్దెనిమిది వేలు మాత్రం ఆ ఆరుగురికీ పంచి ఇచ్చేశాను. వాళ్ళలో ఒకరు, నెలల తరబడి నాతో మాట్లాడని కరుణమ్మ, మొన్న పని దగ్గర నా పక్కనే కూర్చుని క్యారేజీ విప్పింది, కూర నా పళ్ళెంలో వేసింది, ఆ అన్నం ఏడుస్తూ తిన్నాను. దేవునికే మహిమ!

ప్రియులారా, మీలో ఎవరైనా ఇలాంటి దానిలో చిక్కి, ఇంకొకరిని చేరిస్తే బయటపడతామని అనుకుంటుంటే, ఆ మనిషి ఇంటికి ఈ రోజే వెళ్ళి వద్దని చెప్పండి. దేవుణ్ణి నమ్మి నోరు తెరవండి. నేను తెరిచాను, ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాను.