లెజీమ్ బృందం ముందు మా పట్టుపంచె

మా వంశ మర్యాద మొత్తం ఒక్క పంచె ముడికి వేలాడిన సాయంత్రం గురించి చెబుతాను. నవ్వాలనుకునేవారు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

మా తాతగారి కాలంలో ఊళ్ళో ఏ ఊరేగింపైనా మా వాళ్ళే ముందు నడిచేవారు. దేవుడు మా గేటు ముందు ఆగి, హారతి అందుకున్నాకే కదిలేవాడు. తరవాత పొలాలు పోయాయి, మిల్లు పోయింది, దేవుడు కూడా దారి మార్చుకున్నాడు. గేటుకి తుప్పు, నాకు నిటారు నడుము మిగిలాయి.

మా బజారులో బంగారం కరిగించి శుద్ధి చేసే సఖారాం గారిది మరాఠీ కుటుంబం. ఏటా వినాయకుణ్ణి నిలబెడతారు. నిమజ్జనం నాడు లెజీమ్ ఆడడానికి వాళ్ళ సొంతూరి నుంచి కుర్రాళ్ళు వస్తారు. కర్రకి ఇనుప గొలుసు, గొలుసు నిండా బిళ్ళలు, అదే లెజీమ్. లాగి వదిలితే ఝల్లుమంటుంది. ఢోలు మోగుతుంటే దాన్ని ఆడిస్తూ, పాడుతూ సాగుతారు.

నిరుడు సఖారాం గారు మా ఇంటికొచ్చి, "బాబుగారూ, ఈసారి ముందు మీరే నడవాలండి" అన్నారు.

ఎన్నేళ్ళకి విన్నాను ఆ మాట! పెట్టె అడుగునుంచి తాతగారి పట్టుపంచె తీసి కట్టాను.

"బెల్టు పెట్టుకోండి, జారిపోద్ది" అంది మా ఆవిడ.

"మా తాతగారు బెల్టు పెట్టుకున్నారా?"

"ఆయనకి పొట్ట ఉండేదండి. ఆగేది."

జవాబు చెప్పడం నా స్థాయికి తగదని బయల్దేరాను.

వినాయకుడి దగ్గర సఖారాం గారు నా చేతికి లెజీమ్ ఇచ్చి, "ముందుండేవారికి ఒక సంగతి చెప్పాలండి..." అన్నారు.

"ముందు నడవడం మాకు ఒకరు నేర్పక్కర్లేదండి."

ఆయన తల వంచి తప్పుకున్నారు.

ఢోలు మోగింది. కాస్త దూరం వెళ్ళాక నుదుటి చెమట తుడుచుకుని వెనక్కి చూశాను. అందరూ నుదురు తుడుచుకుంటున్నారు. పాపం, వాళ్ళకీ ఉక్కగానే ఉందనుకున్నాను.

అప్పుడు ముడి జారింది. చటుక్కున ఎడమచేత్తో నడుం పట్టుకున్నాను. వెనక అన్ని ఎడమచేతులూ అన్ని నడుముల మీదికీ వెళ్ళాయి.

"ఆగండి!" అని అరిచాను.

"ఆగండీ!" అని రాగం తీశారు. ఆ కుర్రాళ్ళకి తెలుగు రాదు, పాట అనుకున్నారు.

సఖారాం గారు పరిగెత్తుకొచ్చారు. "ఇదేనండి నేను చెప్పబోయింది! లెజీమ్‌లో ముందున్నవారు ఏం చేస్తే వెనకవాళ్ళు అదే చేస్తారు. ఏం పాడితే అదే పాడతారు. ముందు మీరు ఆ నడుం వదలండి."

"వదిలితే పరువు పోతుందండీ!"

"పరువు పోతుందండీ!" అని వీధంతా మార్మోగింది.

ఇక నాకు తోచింది ఒక్కటే, ఇల్లు. మా సందులోకి తిరిగాను. బృందం తిరిగింది. దాని వెనక వినాయకుడి ట్రాక్టరూ తిరిగింది. నేను వేగం పెంచితే ఢోలు కూడా పెంచింది. తుప్పుపట్టిన గేటు భుజంతో నెట్టాను. ఆ కీచుకి మా ఆవిడ వాకిట్లోకి వచ్చింది.

నన్ను చూసింది. నా వెనక దేవుణ్ణి చూసింది. లోపలికెళ్ళింది. బెల్టు తెస్తుందనుకున్నాను. హారతి పళ్ళెం తెచ్చింది.

ఢోలు ఆగింది. మా నాన్నగారు పోయాక మా గేటు ముందు దేవుడు ఆగడం అదే మొదలు. ఒక చేతిలో లెజీమ్, రెండో చేతిలో పంచె. దణ్ణం పెట్టడానికి నాకు చెయ్యి లేదు. తల మాత్రం వంచాను. వెనక అందరూ నడుములు పట్టుకుని, భక్తిగా తలలు వంచారు.

మొన్న సఖారాం గారు మళ్ళీ వచ్చారు. "మావాళ్ళు సొంతూళ్ళో సాధన మొదలెట్టారండి. నడుం మీద చెయ్యి, వంచిన తల... ఆ అడుగుకి 'బాబుగారి అడుగు' అని పేరు పెట్టారు. ఈసారి కూడా ముందు మీరేనండి. మీ గేటు దాకా వచ్చే వెళ్తాం."

తాతగారి పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను: ఇకమీదట మా వంశంలో ఎవరూ బెల్టు లేకుండా దేవుడి ముందు నడవరు.

గేటుకి నూనె కూడా రాయించాను.